పండుగ నాడు ఏదో ఒకటి చెడుతూనే ఉంది, ఇంక కృతజ్ఞత ఎట్లా చెప్పాలె అని అడిగిన చెల్లెలికి

చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు నీ మాటలే క్లుప్తంగా ఇక్కడ పెడతాను, చదివేవాళ్లందరికీ సంగతి తెలుస్తుంది. పాలమూరులో ఉంటున్నావు, ఇద్దరు పిల్లలు. పోయిన డిసెంబర్ 23న అరిసెల పాకం పొయ్యి మీద ఉండగానే గ్యాస్ అయిపోయింది. పక్కింటామె వాళ్ల పొయ్యి ఇస్తే అక్కడ పూర్తి చేసుకున్నావు. 24న పిల్లల కొత్త బట్టలు తెస్తుంటే మీ ఆయన బండి జడ్చర్ల దాటాక ఆగిపోయింది, ఇల్లు చేరేసరికి చర్చిలో ఆరాధన సగం అయిపోయింది. పండుగ నాడు చిన్నోడికి జ్వరం. రాత్రంతా మీ అత్తమ్మ తడిగుడ్డ వేసుకుంటూ కూర్చుంది. ఈ ఏడాది మీ ఆయనకు రెండు నెలల జీతం ఆగింది, కిరాణా కొట్టాయన ఖాతా రాసుకుంటుంటే రోజులు నడుస్తున్నాయి. ఇంత జరుగుతుంటే అత్తమ్మ "ఈసారి నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలె, దేవుడు చేసిన మేలులు చెప్పాలె" అంటోంది. "నోరు వస్తలేదక్కా, అబద్ధం చెప్పినట్టుంటది. పిల్లలకు పండుగ ఎట్ల చెయ్యాలె, కృతజ్ఞత అంటే ఏందో ఎట్ల చెప్పాలె" అని అడిగావు.

నేను నల్లగొండలో ఉంటాను. పుట్టింది దేవరకొండ దిక్కు పల్లెలో. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. సండే స్కూలు పిల్లలతో మాత్రం 31 ఏళ్లుగా ఉన్నాను, ఇంకా ఉన్నాను. అన్ని క్రిస్మస్‌లలో ఏమీ చెడకుండా గడిచిన పండుగ ఒక్కటీ నాకు గుర్తుకు రావడం లేదు. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టు.

మొదలు సాక్ష్యం సంగతి. నీకు నోరు రాకపోవడం విశ్వాసం తక్కువై అనుకోకు. మన సంఘాల్లో కృతజ్ఞత కవర్లు చదివే పద్ధతి ఉంది కదా. ఆరాధన మధ్యలో పాస్టర్ గారు ఒక్కో కవరు తీసి చదువుతారు. ఫలానా వారి అబ్బాయికి ఉద్యోగం వచ్చినందుకు, ఫలానా వారు కొత్తింట్లో చేరినందుకు, ఫలానా అమ్మకు ఆపరేషన్ మంచిగా అయినందుకు. అన్నీ నిజమైన సంతోషాలే. మా పెద్దమ్మాయికి సీటు వచ్చినప్పుడు నేనూ కవరు ఇచ్చాను. అయితే ఏళ్లకేళ్లు ఇవే వింటూ పెరిగిన పిల్లకు ఏమనిపిస్తుంది? మేలు అంటే ఏదో ఒకటి గెలవడం, ఆ ఏడు గెలవనివాళ్లు తల వంచుకుని కూర్చోవడం అనిపిస్తుంది. జీతం రాని ఇంటి కోడలికి నోరు పెగలకపోవడం అందువల్లే.

థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో కృతజ్ఞత గురించిన మాట మనందరికీ కంఠతా వచ్చు. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని. అందులో "ప్రతి విషయమునందును" అని ఉంది చూడు. ప్రతి విషయం కోసం అని లేదు. చిన్నప్పటి నుంచి అప్పజెప్పిన వాక్యమే అయినా ఈ తేడా నా కంటపడేసరికి నాకు నలభై దాటాయి. గ్యాస్ అయిపోయినందుకు వందనాలు చెప్పమని ఎవరూ అడగడం లేదు. జీతం ఆపడం అన్యాయం, దాన్ని అన్యాయమనే అనాలి, దేవుని ముందు కూడా అట్లాగే అనాలి. ఆ గ్యాస్ అయిపోయిన గంటలో నీ గడపలోకి ఎవరు వచ్చారు, ఆ జీతం రాని నెలలో ఎవరి చెయ్యి నీ ఇంటి మీద ఉంది, అది చూసి పేరు పెట్టి చెప్పు. నా 31 ఏళ్లలో నేను నేర్చుకున్న కృతజ్ఞత ఇదొక్కటే. కింద రాసేదంతా దాన్ని పండుగలో ఎట్లా కలుపుకోవాలన్నదే.

అరిసెల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నీకు జరిగిందే నాకూ జరిగింది. 1998 డిసెంబర్. కిలో బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, పొద్దున, సాయంత్రం నీళ్లు మార్చి, వడగట్టి గుడ్డ మీద ఆరేసి, తడి పూర్తిగా పోకముందే గిర్నీకి పంపించాను. పిండి జల్లించి, ఆరిపోకుండా గిన్నెలో గట్టిగా అదిమి పెట్టాను. ముప్పావు కిలో బెల్లం పొయ్యి మీద కరుగుతోంది. పాకం ఉడుకు పట్టిందో లేదో సిలిండర్ ఖాళీ. ఇంకోటి లేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పిల్లలిద్దరూ వంటింటి గడప మీద కూర్చుని నా ముఖమే చూస్తున్నారు.

మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. వాళ్లు హనుమంతుణ్ణి కొలిచేవాళ్లు, మంగళవారం నీసు ముట్టరు. గోడ అవతల నుంచి నా కేక విని, "ఏమాయె బిడ్డా" అంటూ వచ్చింది. చూసింది, ఏమీ అనలేదు. వాళ్ల వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, కంది కట్టె, జొన్న సొప్ప వేసి మంట చేసింది. పాకం గిన్నె నేను పట్టుకుపోతే, పిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పి తనే మోసుకొచ్చింది. "పాకం ఆగుతది గని పిండి ఆగదు బిడ్డా" అంది. ఎంత నిజమో. ఆగిపోయిన పాకంలో రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ వేడి చేస్తే దారికి వస్తుంది. పిండి ఒకసారి పొడిబారితే అరిసె నోట్లో ఇసుకలా తగులుతుంది, దానికి మందు లేదు.

కట్టెల మంట ఎంత పెట్టాలో నాకు తెలియలేదు. పళ్లెంలో నీళ్లలో పాకం చుక్క వేసి చూసేలోపే ముదిరింది. వేళ్ల మధ్య మెత్తగా ఉండ కావాల్సింది గోలీలా గట్టిపడి పళ్లేనికి టక్కున తగిలింది. పిండి కలిపాక గరిట తిరగడం లేదు. నాకు ఏడుపు వచ్చేసింది. అవ్వ వెచ్చటి పాలు కొంచెం కొంచెం చిలకరించి, అరచేత్తో పిసికి పిసికి పిండిని మెత్తబరిచింది. అయినా అంచులు పగులుతుంటే, ఒత్తడం మానేసి నువ్వులద్ది నిమ్మకాయంత ఉండలు చేసి నూనెలో వేసింది. గట్టిగానే ఉన్నాయి, కానీ లోపల బెల్లం తీపి కమ్మగా ఉంది. మా పిల్లలు ఇప్పటికీ క్రిస్మస్‌కు అరిసెలతో పాటు "అవ్వ ఉండలు" చెయ్యమంటారు. పాకం సరిగ్గా కుదిరినా ఒక ముద్ద పక్కకు తీసి చేస్తాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఉన్నన్నాళ్లూ సంక్రాంతికి సకినాలు చుట్టే రోజు నేను పోయి ఆమె పక్కన కూర్చునేదాన్ని.

ఆ రాత్రి నాకొక పని చెయ్యాలనిపించింది. బడిలో మిగిలిన పాత హాజరు రిజిస్టరు ఇంట్లో ఉంది. దాని వెనక పేజీలో తారీకు వేసి, ఒక గడిలో "గ్యాస్ అయిపోయింది, పాకం ముదిరింది" అని, పక్క గడిలో "అవ్వ. మూడు రాళ్ల పొయ్యి. పాలు" అని రాశాను. అంతే. అప్పటి నుంచి డిసెంబర్ ఒకటో తారీకు నుంచి నెలాఖరు దాకా రాస్తూనే ఉన్నాను, ఇప్పుడది మూడో రిజిస్టరు. నీ కోసం తీసి చూశాను. ఒక చోట "బండి పంక్చరు, హాలియా రోడ్డు, రాత్రి 8. పాలక్యాన్ల తమ్ముడు ఆగిండు. టార్చి పట్టిండు. పేరు అడగలేదు" అని ఉంది. ఇంకో చోట మా చిన్నది రాసింది, వంకర అక్షరాలతో: "నాటకంల నా రెక్క ఊడింది. సుజాత టీచర్ కాదు, వంటమ్మ కుట్టింది." టీచరు పేరు కొట్టేసి వంటమ్మ పేరు పెట్టాలని పిల్లకే తోచింది. నీ పిల్లలకు కృతజ్ఞత ఎట్లా చెప్పాలని అడిగావు కదా, ఉపన్యాసం వద్దు. ఒక నోటుబుక్కు ఇచ్చి రెండు గడులు గీసిపెట్టు. ఏం చెడింది, ఎవరు వచ్చారు. రెండో గడి ఖాళీగా ఉన్న రోజులూ ఉంటాయి. ఆ గడి ఖాళీగానే ఉండనియ్యి, బలవంతంగా నింపవద్దు. ఖాళీని చూసి పిల్లలు ఏదైనా అడిగితే అప్పుడు మాట్లాడు.

ఇంక నాటకం సంగతి. ఇది చెప్పకుండా ఉండలేను.

లూకా సువార్తలో సత్రంలో వాళ్లకు చోటు లేదని, బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారని ఉంది. మన నాటకాల్లో తలుపు దగ్గర నిలబడి "చోటు లేదు పో" అని కసిరే సత్రం యజమాని ఉంటాడే, ఆయన సువార్తలో లేడు. మనమే చేర్చుకున్నాం. జ్ఞానులు ముగ్గురని కూడా మత్తయి రాయలేదు, కానుకలు మూడు కాబట్టి ముగ్గురనుకున్నాం. సరే, చేర్చుకోవడం తప్పు కాదు. కానీ లేని కోపిష్టి మనిషిని చేర్చుకున్నాం గానీ, ఆ తొట్టి గల ఇంటివాళ్లను ఎవరమూ చేర్చుకోలేదు. తొట్టి ఉందంటే ఎవరిదో ఒక ఇంటిదే కదా. ఎవరో దాన్ని తుడిచి ఉంటారు, గడ్డి పరిచి ఉంటారు, నిండు గర్భిణికి నీళ్లు కాచి ఉంటారు. వాళ్ల పేరు ఎక్కడా లేదు. ఈ ఆలోచన వచ్చాక నేను మా పిల్లల నాటకంలో "తొట్టి ఇంటామె" అని ఒక పాత్ర పెట్టాను. 2011లో మా పుట్టినూళ్లో ఆడించినప్పుడు ఆ వేషం ఒక ఐదో తరగతి పిల్ల వేసింది. వాళ్ల అవ్వ చీర మడిచి కట్టుకుంది, కొంగు నడుముకు దోపింది. ఆమెకు నేను రాసిచ్చిన మాటలు పుస్తకం భాషలో ఉన్నాయి. రిహార్సల్‌లోనే వాటిని పక్కన పెట్టి, "లోపట జాగ లేదు బిడ్డా. కొట్టంల ఎచ్చగుంటది, రాండ్రి" అనేసింది. నేను దిద్దలేదు.

డిసెంబర్ 24 రాత్రి. చర్చి ముందర పందిరి, సీరియల్ లైట్లు, మైకు సెట్టు, స్టేజీ మీద రెండు ఫోకస్ లైట్లు, ఊరంతా అక్కడే. తొట్టి ఇంటామె తొట్టిని కొంగుతో తుడుస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఠప్పున చప్పుడు, ఊరు మొత్తం చీకటి. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. మైకు లేదు, నేను అరిచినా ఎవరికీ వినబడదు. స్టేజీ మీద మరియ వేషం వేసిన పిల్ల బొమ్మను గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు ఆ ఐదో తరగతి పిల్ల గొంతు స్పష్టంగా వినిపించింది: "ఆగుండ్రి, మా ఇంట్ల కందిలి ఉన్నది, తెస్త."

ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లు అది నాటకంలో మాటే అనుకున్నారు. పిల్ల స్టేజీ దూకి చీకట్లో ఉరికింది. చీర కాళ్లకు అడ్డం పడితే మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంది. నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. వాడ మలుపు దగ్గర చిన్న పచ్చటి వెలుగు కనబడింది. ముందు పిల్ల, చేతిలో కందిలి. వెనక వాళ్ల అవ్వ, అగ్గిపెట్టె పట్టుకుని, "మెల్లగ పో, చిమ్ని పగుల్తది" అనుకుంటూ. పిల్ల కందిలిని తొట్టి పక్కన పెట్టి, ఒత్తి కొంచెం పైకి తిప్పి, ఏమీ జరగనట్టు వరిగడ్డి పరవడం మొదలుపెట్టింది. మైకు లేదు కాబట్టి జనం ఒకరి వెనక ఒకరు స్టేజీ దగ్గరికి జరిగి కింద కూర్చున్నారు. ముసలివాళ్లను ముందుకు పంపించారు. మిగతా నాటకం మొత్తం ఆ ఒక్క కందిలి వెలుగులో జరిగింది. నేను చూసిన క్రిస్మస్ నాటకాల్లో అంత మంచిది లేదు.

కరెంటు హెల్పర్ తమ్ముడు రాత్రి పదకొండుకు పక్క ఊరి నుంచి సైకిలు మోటారు మీద వచ్చాడు. ఇంటి దగ్గర అన్నం ముందు నుంచి లేచి వచ్చానన్నాడు. ఫీజు వైరు వేసి దిగాక, మేం పొద్దుటికని వండుతున్న బగారన్నం గంజులోంచే ఆయనకు మొదటి పళ్లెం పెట్టాం. రిజిస్టరులో ఆ రోజు రెండో గడి నిండిపోయింది.

మా నాయనమ్మ నిజాం కాలం మనిషి. "పండుగంటే తెల్లబువ్వ" అనేది. ఏడాదంతా జొన్న గట్క, జొన్న రొట్టె. క్రిస్మస్ నాడు ఒక్కనాడు వరి అన్నం, ఊరివాళ్లు పోగేసి కొన్న యాటలో వాటా కూర. స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం పక్కకు తీసే అలవాటు ఉండేది కదా, మా ఇంట్లో బియ్యం ఎక్కడివి, మా నాయనమ్మ పిడికెడు జొన్నలు తీసేది. డిసెంబర్ వచ్చేసరికి కుండలో చేరిన జొన్నలను ఆ ఏడు వాడలో బాలింత ఉన్న ఇంటికో, చావు అయిన ఇంటికో ఇచ్చేవాళ్లు. వాళ్లకు మిగిలి ఇచ్చింది కాదు. ఇది నీ పిల్లలకు తప్పకుండా చెప్పు. ఇప్పుడు మనకు కేకు లేకపోతే, టైలరు బట్టలు ఇవ్వకపోతే పండుగ చెడిందనిపిస్తోంది. నాకూ అనిపిస్తుంది. నాయనమ్మ కుండ గుర్తుకొస్తే కొంచెం నిమ్మళంగా ఉంటుంది.

మన దిక్కు ఈ పండుగ వేళ్లూనుకున్నదే కష్టకాలంలో. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు నల్లగొండ కేంద్రంగా సువార్త పని మొదలుపెట్టారు. వాళ్లు మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సమాజం వాళ్లు. తర్వాత అదే సమాజం పనితో దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, పాలమూరు దిక్కంతా సంఘాలు లేచాయి. జడ్చర్లలో ఆసుపత్రి వచ్చింది. మెదక్ పెద్ద చర్చి కథ నీకు తెలిసే ఉంటుంది. 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువులో జనానికి పని చూపించి అన్నం పెట్టాలని మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడని చెప్పుకుంటాం. మా సండే స్కూలు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఒక పిల్లవాడు ఆ స్తంభాలను తడిమి చూసి, "టీచర్, ఈ రాళ్లు మోసినోళ్ల పేర్లు యాడ రాసిండ్రు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్నను రిజిస్టరులో రాసిపెట్టుకున్నాను.

ఇప్పుడు బరువైన మాట ఒకటి. గ్యాస్, పంక్చరు, జ్వరం వేరు. నిజంగా గుండె పగిలిన ఏడాది కూడా వస్తుంది. 2006 డిసెంబర్ 19న మా నాయిన పోయాడు. ఆరు రోజులకు పండుగ. ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. చర్చికి పోయాను, వెనక వరుసలో కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చి, "అన్నిటిలో స్తుతించాలె, లేచి ఒక మాట చెప్పు, దుఃఖం తీరుతది" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నేను లేవలేదు. ఆ రోజు లేవకపోవడమే సరైందని ఇప్పటికీ అనుకుంటాను. కీర్తనల గ్రంథంలో ఏడుపులు తక్కువేం లేవు. 88వ కీర్తన అయితే చివరిదాకా వెలుగు చూడదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. దాన్ని కూడా ఆరాధనలో పాడుకునే గ్రంథంలోనే ఉంచారు కదా.

ఆ సాయంత్రం మా పాస్టరమ్మ ఇంటికి వచ్చింది. వాక్యం చెప్తుందేమో అనుకున్నాను. వంటింట్లోకి వచ్చి, చాటలో ఉన్న ఎల్లిగడ్డలు ముందరేసుకుని పొట్టు తీసుకుంటూ కూర్చుంది. మా అమ్మ ఏడిస్తే ఏడవనిచ్చింది. మా నాయిన ఎద్దులకు ఏం పేర్లు పెట్టేవాడో అడిగింది. రెండు గంటలు. పోయేటప్పుడు ఒలిచిన ఎల్లిగడ్డల గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టి పోయింది. రిజిస్టరులో ఆ నెలకు నేను రాసింది ఆ ఒక్క వరుసే, అదీ ఫిబ్రవరిలో రాశాను. అందుకే చెప్తున్నాను చెల్లెమ్మా, నీకు ఈసారి కూడా నోరు రాకపోతే కూర్చునే ఉండు. ఎవరూ నిన్ను తక్కువ చెయ్యరు, చేస్తే అది వాళ్ల తప్పు.

పిల్లలకు పండుగ ఎట్లా అన్నదానికి త్వరగా చెప్తాను, ఇందులో కష్టమైంది ఏమీ లేదు. నక్షత్రం కొనకు, చెయ్యి. వెదురు బద్దలతో ఐదు మూలల చట్రాలు రెండు కట్టి, మధ్యలో చిన్న పుల్లలు పెట్టి ఎడం చేసి, గాలిపటం కాగితం అంటించాలి. మైదా లై ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, కానీ అది విషం, పిల్లల చేతికి ఇవ్వకుండా ఆ పని నువ్వే చెయ్యి. మన దిక్కు డిసెంబర్ మంచుకు లై మెత్తబడి తెల్లారేసరికి కాగితం ఊడుతుంది, కాబట్టి ఆరుబయట కాకుండా చూరు కింద కట్టండి. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. వెనకటి పెద్ద బల్బుల వేడికి మావి రెండు కాలిపోయాయి.

చెట్టుకు మేం చిన్నప్పుడు తుమ్మకొమ్మ తెచ్చి, చేన్లో రాలిన పత్తిని ముళ్లకు గుచ్చేవాళ్లం. అంతకంటే అందమైన చెట్టు నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. కేకు కావాలని పిల్లలు అడిగితే ఓవెన్ అక్కర్లేదు. కుక్కర్లో గిన్నెడు ఇసుక పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కాక స్టాండు మీద కేకు గిన్నె పెట్టి సన్నమంట మీద 45 నిమిషాలు ఉంచు. పుల్ల గుచ్చి చూసి దించు. మధ్యలో మూత తియ్యకు, కేకు కుంగిపోతుంది. ఇక జీతం రాలేదన్న సంగతి పిల్లల దగ్గర దాచకు. పెద్దది తొమ్మిదేళ్లదన్నావు, ఆమెకు ఇప్పటికే తెలుసు. ఈసారి కొత్త బట్టలు ఒక్కో జతే అని ముందే చెప్పు. చివరి రోజు చెప్తే ఏడుస్తారు, ముందే చెప్తే ఏ రంగు కావాలో ఎంచుకోవడంలో పడతారు.

డిసెంబర్ 26 మన రాష్ట్రంలో సెలవే కదా. ఇంగ్లండులో ఆ రోజును బాక్సింగ్ డే అంటారు, ఏడాదంతా తమకు పనిచేసినవాళ్లకు పెట్టెలో కానుకలు పెట్టి ఇచ్చే వాడుక నుంచి వచ్చిన పేరు అంటారు. మా ఇంట్లో ఆ రోజు టీవీ పెట్టం. రిజిస్టరు తీసి, రెండో గడిలో ఉన్న పేర్లు చూసి, అరిసెలు, మురుకులు, గరిజెలు కవర్లలో కట్టి పిల్లలతో బయలుదేరుతాం. కవరు పిల్లలే ఇవ్వాలి, ఎందుకో కూడా పిల్లలే చెప్పాలి. "మీరు ఆ రోజు మా నాటకానికి లైట్ తెచ్చిండ్రు" అని. ఒకసారి గిర్నీ తమ్ముడు కవరు పట్టుకుని, పన్నెండేళ్లుగా గిర్నీ నడుపుతున్నా గాని పిండి బాగా పట్టినవని ఎవరూ చెప్పలేదక్కా అన్నాడు. పాలక్యాన్ల తమ్ముడి పేరు తెలియదు కాబట్టి, ఆ ఏడు హాలియా రోడ్డు మీద సాయంత్రం ఆగి, పాలక్యాన్లతో పోయే మొదటి మనిషికి కవరు ఇచ్చాం. ఆయన కాదు, కానీ తీసుకున్నాడు.

ఇక నీ సాక్ష్యం. మనసు ఒప్పితేనే చెప్పు, చెప్తే రెండు నిమిషాలు చాలు, రాసుకుని చదువు. ఇట్లా ఉండొచ్చు: "మా ఇంటాయనకు రెండు నెలల జీతం రాలేదు, ఇయ్యాల్టికీ రాలేదు, ప్రార్థన చెయ్యండి. పోయిన క్రిస్మస్‌కు మా గ్యాస్ అయిపోతే పక్కింటి అక్క తన పొయ్యి నాకిచ్చి తను తర్వాత వండుకున్నది. ఈ రెండు నెలలు కిరాణా అన్న మా ఖాతా ఆపలేదు. దేవునికి వందనాలు, వాళ్లకు కూడా." ఇందులో ఒక్క అబద్ధం లేదు, నీ నోరు దీనికి వస్తుందని నా నమ్మకం.

చదివే ముందు ఆ కాగితం ఒకసారి మీ అత్తమ్మకు చూపించు. పిల్లవాడి జ్వరం నాడు రాత్రంతా తడిగుడ్డ వేసిందని నువ్వే రాశావు, ఆ వరుస కూడా అందులో చేర్చు. పక్కింటి అక్క పేరు, కిరాణా అన్న పేరు, అత్తమ్మ పేరు. మూడూ పైకి చదువు.